రీ-రూట్ కెనాల్‌లో లైట్ థెరపీ: అదనంగా డబ్బు పెట్టొచ్చా?

పాత రూట్ కెనాల్ పన్ను కింద మళ్ళీ చీము పట్టిందనీ, డాక్టర్ గారు రీ-రూట్ కెనాల్‌తో పాటు లైట్ థెరపీ చేద్దామంటున్నారనీ రాశారు. అది బిల్లు పెంచే ఎత్తుగడ మాత్రం కాదండీ. కానీ దానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మొదటిసారి చేసింది ఎందుకు ఫెయిలైంది?

నాది పైన మొదటి దవడ పన్ను. నొప్పేమీ లేదు. చిగురు మీద పొక్కు లేచేది, పగిలేది, నోరంతా ఉప్పటి చీము. యాంటీబయాటిక్ వాడినన్నాళ్ళు తగ్గి మళ్ళీ వచ్చేది. నరం తీసేసిన పన్నులోకి రక్తం పోదు కాబట్టి మింగిన మందు లోపలికి చేరదట. రూట్ కెనాల్ స్పెషలిస్ట్ త్రీడీ స్కాన్ తీయిస్తే అసలు సంగతి తేలింది. ఈ పన్నుకి చాలామందిలో నాలుగో కెనాల్, అంటే వేరు లోపల నరం ఉండే సన్నటి దారి, ఉంటుంది. మొదట చేసినవాళ్ళు నాకు మూడే శుభ్రం చేశారు.

ఇలాంటి పళ్ళలో తరచూ దొరికే మొండి బ్యాక్టీరియా ఎంటరోకాకస్ ఫీకాలిస్. తిండి లేకపోయినా బతుకుతుంది, పంటి గోడల్లోని సన్నటి గొట్టాల్లో దాక్కుంటుంది, లోపల పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ మందుని కూడా తట్టుకుంటుంది. లైట్ థెరపీ అవసరం ఇక్కడే వస్తుంది. కెనాల్స్ అన్నీ మామూలుగా కడిగాక మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు నింపి కొన్ని నిమిషాలు ఆగారు. తర్వాత వెంట్రుకంత సన్నటి ఫైబర్ దించి ఎర్ర కాంతి, దాదాపు 660 నానోమీటర్లది, వేశారు. ఆ కాంతికి రంగు ఉత్తేజితమై దగ్గరున్న ఆక్సిజన్‌ని సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపంలోకి మారుస్తుంది, అది బ్యాక్టీరియా పొరల్ని దెబ్బతీస్తుంది. నొప్పి లేదు, వేడి లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని పడుకోవడమే.

సింగ్లెట్ ఆక్సిజన్ మైక్రోసెకన్లే ఉంటుంది. అంటే రంగు చేరిన చోటే పని. అందుకే క్రిముల్ని చంపే హైపోక్లోరైట్ ద్రావణంతో మామూలుగా కడగడం తప్పదు, లైట్ దానికి తోడు మాత్రమే. పైగా ఆ హైపోక్లోరైట్ మిగిలితే రంగుని వెలిసిపోయేలా చేస్తుంది కాబట్టి ముందు దాన్ని పూర్తిగా తీసేయాలి. ల్యాబ్‌లో బ్యాక్టీరియా బాగా తగ్గినట్టు చాలా పరీక్షలు చూపించాయి. పన్ను మానడంలో తేడా ఎంత అనేదానికి మాత్రం రుజువులు ఇంకా తక్కువే. నా పొక్కు పోయింది, తర్వాత తీసిన ఎక్స్‌రేలో వేరు కొసన నల్లటి మచ్చ చిన్నదైంది. కానీ ఆ ఘనత లైట్‌దో, నాలుగో కెనాల్ శుభ్రం చేయడానిదో నేనైతే చెప్పలేను. రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

మీ పన్ను వేరు చీలి ఉంటే ఏ లైటూ కాపాడలేదు. క్యాప్ అంచు నుంచి లాలాజలం లోపలికి పోతుంటే ముందు అది మార్పించాలి. రబ్బర్ డ్యామ్, అంటే లాలాజలం తగలకుండా పన్ను చుట్టూ బిగించే రబ్బర్ షీట్, వేస్తారా అని అడగండి. ముందు పన్నైతే రంగు మరక మిగిలే అవకాశం గురించి కూడా అడగండి. మీకు జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉంటే మిథిలీన్ బ్లూ వాడకముందే డాక్టర్‌కి చెప్పండి. ఇంకోటి, కొన్ని చోట్ల 'లేజర్ రూట్ కెనాల్' అంటే వేడి పుట్టించే డయోడ్ లేజర్, అది వేరే పద్ధతి. మీకు చెప్పింది రంగు వేసి చేసేదేనా అని కనుక్కున్నాకే రేటు మాట్లాడండి.