జర్మన్ వచ్చినవాళ్లకి సెర్బియన్ సులువా? స్టుట్‌గార్ట్ నుంచి నోవీ సాద్ వెళ్లిన నా అనుభవం

జర్మన్ బీ1 (మధ్యస్థాయి) దాకా వచ్చిందనీ, ఇప్పుడు సెర్బియాలో ఉద్యోగం దొరికిందనీ, ఈ రెండు భాషలకీ పోలిక ఏమైనా ఉందా, ఏది కష్టం అనీ అడిగారు. నేను జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో నాలుగేళ్లు, తర్వాత సెర్బియాలోని నోవీ సాద్‌లో రెండున్నరేళ్లు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ ఇంజనీర్‌గా చేశాను. ఇంట్లో తెలుగు, పనిలో ఈ రెండూ. కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందుగా ఒక్క మాట. ఈ రెండిటినీ ఇంగ్లీషులోంచి చూడకండి, తెలుగు పక్కన పెట్టుకుని చూడండి. ఈ సంగతి నాకు తట్టడానికే ఏడాది పట్టింది. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకి భాషలు నేర్పడానికి వేసుకున్న లెక్క ప్రకారం జర్మన్‌కి సుమారు 36 వారాలు, సెర్బియన్‌కి సుమారు 44. నెట్‌లో అందరూ చూపించేది ఇదే. ఆ 44 వారాల గుంపులోనే మన తెలుగు కూడా ఉంది! అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కొలత. దాన్ని చూసి మనం టెన్షన్ పడక్కర్లేదు.

రెండూ ఇండో-యూరోపియన్ భాషలే గానీ దగ్గరి చుట్టాలు కావు. జర్మన్ జర్మానిక్ శాఖ, సెర్బియన్ స్లావిక్ శాఖ. కానీ ఇరుగుపొరుగు సంబంధం చాలా పాతది. నోవీ సాద్ ఉన్న వోయ్‌వొదినా ప్రాంతం 1918 దాకా ఆస్ట్రియా రాజవంశమైన హాబ్స్‌బర్గ్‌ల పాలనలో ఉంది. జర్మన్ మాట్లాడే కుటుంబాలు 18వ శతాబ్దంలోనే అక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. ఆ ప్రభావం నాకు మొదటి రోజే షాప్ ఫ్లోర్ మీద కనిపించింది. సెర్బియన్‌లో నమస్కారం తప్ప ఏమీ రాదు. మెషిన్ విప్పుతున్న మెకానిక్ చెయ్యి చాపి 'ష్రఫ్‌త్సిగెర్' అన్నాడు. నేను వెంటనే స్క్రూడ్రైవర్ అందించాను. జర్మన్ 'ష్రౌబెన్‌త్సీయెర్' అరిగి అరిగి అలా అయింది. క్లచ్‌ని కుప్లుంగ్ అంటారు, సైలెన్సర్‌ని అవుస్పుహ్, రివర్స్ గేర్‌ని రిక్‌వెర్ట్స్. ఇవన్నీ జర్మన్ నుంచి వచ్చినవే. ఇంట్లో కూడా అంతే. సీసా ఫ్లాషా, టొమాటో పరదాయిజ్ (ఇది ఆస్ట్రియా జర్మన్‌లోని మాట). కాబట్టి గ్యారేజీలో, వంటింట్లో మీ జర్మన్ ఉపయోగపడుతుంది. వ్యాకరణంలో మాత్రం అంత సాయం చెయ్యదు.

చదవడం, రాయడం విషయంలో సెర్బియన్‌దే పైచేయి. రెండు లిపులున్నాయని భయపడకండి. సిరిలిక్‌లో (రష్యన్ లిపి లాంటిది) 30 అక్షరాలు, లాటిన్‌లో 30, ఒక్కో అక్షరానికి ఒక్కటే శబ్దం. ఎలా పలుకుతామో అలాగే రాయడం మనకి కొత్త కాదు కదా. గెటే, షేక్‌స్పియర్ లాంటి విదేశీ పేర్లని కూడా వాళ్లు మనలాగే తమ అక్షరాల్లో విన్నట్టు రాసుకుంటారు. ఇక్కడ నాకు చాలా నచ్చిన విషయం ఒకటుంది. సెర్బియన్ రాతని ఇలా తీర్చిదిద్దినవాడు వూక్ కరాజిచ్. ఆయన నిఘంటువు 1818లో వియన్నాలో అచ్చయింది, సెర్బియన్ మాటలకి అర్థాలు జర్మన్‌లో, లాటిన్‌లో ఇచ్చారు. 'మాట్లాడినట్టే రాయి' అన్న సూత్రాన్ని ఆయన తీసుకున్నది ఆడెలుంగ్ అనే జర్మన్ పండితుడి దగ్గర. తర్వాత వూక్ రాసిన వ్యాకరణాన్ని 1824లో జర్మన్‌లోకి తెచ్చింది జానపద కథల గ్రిమ్ సోదరుల్లో ఒకరైన యాకోబ్ గ్రిమ్.

ఇక లింగాలు. జర్మన్‌లో చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. కారణం అడిగితే ఎవరూ చెప్పలేరు, బట్టీ పట్టాల్సిందే. సెర్బియన్‌లో చాలావరకు చివరి శబ్దమే చెప్పేస్తుంది. హల్లుతో ముగిస్తే పుంలింగం, 'ఆ' వస్తే స్త్రీలింగం, 'ఓ' గానీ 'ఎ' గానీ వస్తే నపుంసకం. రాత్రి, రక్తం లాంటి మినహాయింపులు కొన్నున్నాయి. పైగా జర్మన్‌లోలా లింగాన్ని బట్టి మారే డేర్, డీ, దాస్ అనే ఆర్టికల్స్ గొడవే లేదు. అన్నట్టు, జర్మన్‌లో 'మేడ్షెన్' (అమ్మాయి) నపుంసకలింగం అని అందరూ వింతగా చెప్తారు. మనం 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఒకే క్రియ వాడేవాళ్లం. అందులో వింత ఏముంది?

జర్మన్‌లో నాలుగు విభక్తులు, సెర్బియన్‌లో ఏడు. ఈ ఏడు అంకె చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ చిన్నప్పుడు 'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' అని వల్లించినవాళ్లం మనం. మాట చివర మారితే అర్థం మారడం మనకి పుట్టుకతో వచ్చింది. మా ఇంటి ఓనరమ్మ మొదటి వారంలో 'ఉ హైదరాబాదు' వాతావరణం ఎలా ఉంటుందని అడిగింది. నేను ఆవిడ మన తెలుగు యాసలో 'హైదరాబాదు' అంటోందనుకుని తెగ సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, చివరి 'ఉ' అక్కడ సప్తమీ ప్రత్యయమని. 'హైదరాబాదులో' అని ఆవిడ భావం. 'హైదరాబాద్ నుంచి' అనాలంటే 'ఇజ్ హైదరాబాదా'. సంబోధన కూడా ఉంది. బ్రాట్ అంటే అన్నదమ్ముడు, పిలిచేటప్పుడు 'బ్రాతె!'. ఆవిడ నన్ను 'సీనె' అని పిలిచేది, అంటే 'కొడుకా' అని. మనం ఆడపిల్లని 'నాన్నా' అని ముద్దుగా పిలిచినట్టే. ఆ పిలుపు మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నన్ను సెర్బియన్‌కి పూర్తిగా దగ్గర చేసినవి మాత్రం చుట్టరికాల మాటలు. జర్మన్‌లో మేనమామ, బాబాయి, పెదనాన్న అందరూ 'ఓంకెల్' కిందికే వస్తారు. పూర్వం మేనమామకి 'ఓహైమ్' అని వేరే మాట ఉండేది, ఇప్పుడది వాడుకలో లేదు. ఆడపడుచు, వదిన, తోడికోడలు అందరికీ కలిపి 'ష్వేగరిన్'. స్టుట్‌గార్ట్‌లో మా తోడికోడలి గురించి చెప్పాలంటే 'మా ఆయన తమ్ముడి భార్య' అని పొడుగ్గా విప్పి చెప్పేదాన్ని. నోవీ సాద్‌లో మేనమామ 'ఉయాక్', ఆయన భార్య 'ఉయ్నా'. నాన్న అన్నదమ్ములు 'స్ట్రిట్స్'. ఆడపడుచు 'జావొవా', తోడల్లుడు 'పాషెనోగ్', తోడికోడలు 'యెట్ర్వా'. భర్త అన్నదమ్ములు 'దేవెర్', మామగారు 'స్వెకర్'. సంస్కృతంలోని యాతృ, దేవర, శ్వశుర శబ్దాలకి ఇవి సొంత చుట్టాలు. జీవ, మృత లాంటివి కూడా అంతే. అక్కడ 'జివ్', 'మ్రతవ్' అంటారు. ఒక సాయంత్రం మా ఓనరమ్మతో 'మా యెట్ర్వాకి పాప పుట్టింది' అన్నాను. ఆవిడ చేస్తున్న పని ఆపి అడిగింది: 'పెద్దావిడా, చిన్నావిడా?' అచ్చం మా అమ్మ అడిగినట్టే అనిపించింది.

జర్మన్‌కీ మన భాషతో ఒక చుట్టరికం ఉంది. 'వైల్' (ఎందుకంటే) లాంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్తుంది. ఇంగ్లీషువాళ్లు దీనికి తల పట్టుకుంటారు, మనకి అలవాటే. అక్కడ సెర్బియన్ మనకి దూరం. అంకెల్లో మాత్రం మళ్లీ సెర్బియనే దగ్గర. జర్మన్ 'ఐదూ ఇరవై' అంటుంది, సెర్బియన్ మనలాగే 'ఇరవై ఐదు' అంటుంది.

మరి సెర్బియన్‌లో అసలు కష్టం ఏదంటే, నా లెక్కన క్రియల జంటలు. దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలు. జరుగుతూ ఉన్న పనికి ఒకటి, పూర్తయిన పనికి ఇంకొకటి. ఒకసారి సూపర్‌వైజర్ రిపోర్ట్ ఏమైందని అడిగితే 'పిసావొ సమ్' అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా నా రిపోర్ట్ కోసం ఎదురుచూశాడు. నేనన్నదానికి అర్థం 'ఇంతసేపూ రాస్తూ ఉన్నాను' అని. 'రాసేశాను' అనాలంటే 'నపిసాలా సమ్'. ఇంకో తప్పు కూడా చేశాను. చుట్టూ ఉన్న మగవాళ్ల దగ్గర విని నేర్చుకోవడంతో మగవాళ్ల రూపం వాడాను. సెర్బియన్ భూతకాలంలో 'నేను' అన్నప్పుడు కూడా ఆడా మగా తేడా ఉంటుంది. తెలుగులో 'చెప్పేవాణ్ణి, చెప్పేదాన్ని' లాంటి రూపాల్లో తప్ప ఆ తేడా లేదు, జర్మన్‌లో అసలే లేదు. తిన్నాను, తినేశాను అన్న మన తేడా పూర్తిగా సరిపోదు గానీ, నాకు దారి చూపించింది అదే. అప్పటినుంచి నోట్‌బుక్‌లో ఏ క్రియనీ ఒంటరిగా రాసుకోలేదు. ఎడమవైపు 'చేస్తూ ఉండటం', కుడివైపు 'చేసేయడం', రెండూ కలిపే రాసుకునేదాన్ని. మీరు సిరిలిక్ మొదటి వారంలో నేర్చేసుకోండి. ఈ నోట్‌బుక్ కూడా ఆ వారంలోనే మొదలుపెట్టండి. నేను ఎనిమిదో నెలలో మొదలుపెట్టాను.