ఇల్లు మారినా ఆధార్‌లో చిరునామా మారడం లేదా?

బడులు తెరిచే రోజులు దగ్గరపడితే అద్దె ఇళ్లు మారేవాళ్లు ఎక్కువవుతారు. ఈ వారం వచ్చిన సందేహాల్లో చాలావరకు వాళ్లవే. అందుకే మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి ఈ ఒక్క విషయమే తీసుకున్నాను.

నిజాంపేటలో అద్దెకు దిగి నాలుగు నెలలైంది. ఇంటి యజమాని అగ్రిమెంట్ రాయనంటున్నారు. కరెంటు బిల్లు ఆయన పేరు మీదే ఉంది. నా ఆధార్‌లో, మావారి ఆధార్‌లో ఇంకా పాత ఊరి చిరునామాయే ఉంది. ఎలా మార్చుకోవాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

యజమాని సంతకంతో పనిలేని దారులు ఉన్నాయమ్మా. ముందుగా ఒకటి చెప్పండి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఎవరి పేరు మీద ఉంది? మీ పేరు మీదో, మీవారి పేరు మీదో ఉంటే సగం పని అయినట్లే. ఆధార్ చిరునామాకు ఉడాయ్ (ఆధార్ జారీ చేసే సంస్థ) ఒప్పుకునే రుజువుల్లో బ్రాడ్‌బ్యాండ్ బిల్లు, ల్యాండ్‌లైన్ బిల్లు, పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు ఉన్నాయి. బిల్లు మూడు నెలలలోపుది కావాలి. ప్రీపెయిడ్ సిమ్ వాడుతుంటే దాన్ని పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకుని, బిల్లింగ్ చిరునామాగా కొత్త ఇంటిని ఇవ్వండి. మొదటి బిల్లు రాగానే మీ చేతిలో ఒక రుజువు ఉంటుంది.

బిల్లును కంపెనీ యాప్ నుంచి పీడీఎఫ్‌గానే దించుకోండి, స్క్రీన్‌షాట్ వద్దు. ఫైలు 2 ఎంబీ దాటకూడదు. బిల్లు మీద పేరు ఆధార్‌లో ఉన్నట్లే ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బిల్లులో ఒక్క పొడి అక్షరమే ఉంటే దరఖాస్తు తిరిగి రావచ్చు. కాబట్టి ముందు కంపెనీ దగ్గర పేరు సరిచేయించుకోండి.

తర్వాత మైఆధార్ పోర్టల్‌లోకి వెళ్లాలి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోను నంబరు పనిచేస్తూ ఉంటేనే ఓటీపీ వస్తుంది. రుసుము 75 రూపాయలు. చిరునామా ఇంగ్లిషులో టైపు చేస్తుంటే పక్కనే తెలుగు దానంతట అదే వస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే ముందుకు వెళ్లిపోతారు. నిజాంపేట కాస్తా 'నిజంపెట్' అయి కార్డు మీద అచ్చవుతుంది. అక్కడ ఆగి తెలుగు గడిని ఒక్కో అక్షరం చదవండి, తప్పుంటే సరిచేయండి. ఫ్లాటు నంబరు, అపార్టుమెంటు పేరు, వీధి, పిన్‌కోడ్ మీరిచ్చిన బిల్లులో ఎలా ఉన్నాయో అలాగే రాయండి. పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం ఉంటుంది గానీ చిరునామాకు అలాంటి పరిమితి లేదు. మళ్లీ ఇల్లు మారాల్సి వస్తుందేమో, అప్పుడే మార్చుకుందామని వాయిదా వేయకండి.

మీ ఇద్దరిలో ఒకరిది మారితే చాలు, రెండోవారికి వేరే బిల్లు అక్కర్లేదు. 'కుటుంబ పెద్ద' ఆధారంగా చిరునామా మార్చుకునే సదుపాయం 2023 జనవరి నుంచి ఆన్‌లైన్‌లో ఉంది. 18 ఏళ్లు దాటిన ఎవరైనా ఇందుకు కుటుంబ పెద్దగా ఉండవచ్చు. పెళ్లి ధ్రువపత్రం, రేషన్ కార్డు వంటి బంధుత్వ రుజువు జతచేయాలి. అదీ లేకపోతే ఉడాయ్ నమూనాలో కుటుంబ పెద్ద స్వీయ ప్రకటన ఇస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త. అభ్యర్థన వెళ్లాక ఆ పెద్ద తన మైఆధార్‌లోకి వెళ్లి 30 రోజుల్లోగా అంగీకరించాలి. మరిచిపోతే అభ్యర్థన రద్దవుతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు.

బిల్లులేవీ లేనివాళ్ల కోసం ఉడాయ్ ప్రామాణిక ధ్రువపత్రం ఉంది. ఆ నమూనాను ముద్రించి ఫొటో అంటించి, గెజిటెడ్ అధికారితోనో ఎమ్మెల్యేతోనో సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది.

బ్యాంకు సంగతి కూడా చెప్పాలి. ఆధార్‌లో పాత చిరునామా ఉన్నా, ఇప్పుడు ఉంటున్న చిరునామాను బ్యాంకుకు స్వీయ ప్రకటనగా ఇవ్వవచ్చని 2019 నవంబరులో మనీ లాండరింగ్ నిరోధక నిబంధనలను సవరించారు. బ్యాంకు శాఖలో కుదరదంటే ఈ సవరణ గురించి మర్యాదగానే గుర్తు చేయండి.

మీ యజమాని ఎందుకు వెనకాడుతున్నారో ఊహించగలను. అద్దెదారు ఆధార్‌లో తమ ఇంటి నంబరు పడితే రేపు అతను ఆ ఇల్లు తనదంటాడేమోనని చాలామంది యజమానులు భయపడతారు. ఆధార్ ఆస్తి హక్కు పత్రం కాదు. స్థిరనివాసానికి కూడా అది రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. యజమాని అనుమతితో అద్దెకున్న కాలం ఎన్నేళ్లయినా ఇంటి మీద హక్కుగా మారదు. ఈ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పి చూడండి.

ఒకప్పుడు 'చిరునామా ధ్రువీకరణ లేఖ' అని ఒక సేవ ఉండేది. ఇంటి యజమాని తన ఫోనులో అంగీకరిస్తే రహస్య సంకేతంతో ఉత్తరం ఇంటికి వచ్చేది, ఆ సంకేతాన్ని పోర్టల్‌లో ఎక్కిస్తే చిరునామా మారిపోయేది. 2021లో దాన్ని నిలిపివేశారు. దుర్వినియోగమవుతుందనుకుంటే తనిఖీలు పెంచాలి గానీ, కాగితాలు లేనివాళ్లకు ఉన్న ఒక తలుపు మూసేయడం న్యాయం కాదు. మేస్త్రీ పనికి వచ్చినవాళ్లకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు పోస్ట్‌పెయిడ్ బిల్లు ఎక్కడిది? ఆ సేవను మళ్లీ తేవాలి.

శ్రీకాకుళం జిల్లాలో మా ఊళ్లో ఓటుంది. పదేళ్లుగా కూకట్‌పల్లిలోనే అద్దెకుంటున్నాం. ఇక్కడ కొత్తగా ఫారం 6 నింపమని ఒకరంటే, ఫారం 8 అని మరొకరంటున్నారు. ఏది సరైనది?

ఫారం 8. జాబితాలో ఇప్పటికే పేరుండి నివాసం మారినవాళ్లంతా అదే నింపాలి. ఫారం 6 మొదటిసారి ఓటరుగా చేరేవాళ్లకు. 2022 ఆగస్టుకు ముందు నియోజకవర్గం మారితే ఫారం 6 నింపేవారు కాబట్టి ఇంకా చాలామంది అలాగే చెబుతుంటారు. ఎన్నికల సంఘం యాప్‌లో పాత ఎపిక్ (ఓటరు గుర్తింపు కార్డు) నంబరుతోనే ఫారం 8 పెట్టండి. పాత ఓటు సంగతి దాచి ఫారం 6 పెడితే రెండు చోట్ల పేరుంటుంది. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉంది.

అద్దెదారులకు చిక్కు వచ్చేది రుజువు దగ్గరే. ఓటరు నమోదుకు అద్దె ఒప్పందాన్ని రుజువుగా పెట్టాలంటే అది రిజిస్టరైనదే కావాలి. మనం రాయించుకునేవి పదకొండు నెలల అగ్రిమెంట్లు. వాటిని మామూలుగా రిజిస్టరు చేయించరు. కాబట్టి ముందు ఆధార్ మార్చుకుని దాన్నే జతచేయండి. ఏ రుజువూ లేకపోయినా బీఎల్‌ఓ (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) ఇంటికి వచ్చి విచారించి నమోదు చేసే వీలుంది. ఆ ఇంట్లో మామూలుగా నివసిస్తున్నారా లేదా అన్నదే ప్రశ్న. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరి నివాసి అయిపోరని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. అద్దెదారులు తమ ఓటు గురించి బెరుకుగా అడగాల్సిన పనిలేదు.

బెర్లిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఒకరు అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో ఒక గది నాకు ఇచ్చారు. ఆన్‌మెల్డుంగ్‌కు (చిరునామా నమోదుకు) కాగితం ఇవ్వలేనంటున్నారు. నా అద్దె ఒప్పందం సరిపోతుందా?

సరిపోదు బాబూ. జర్మనీలో 2015 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవారి ధ్రువీకరణ పత్రం తప్పనిసరి. అయితే దాన్ని అసలు యజమానే ఇవ్వాలని లేదు. మీకు గది ఇచ్చిన ప్రధాన అద్దెదారు కూడా సంతకం చేయవచ్చు. పైగా ఇవ్వడం వారి బాధ్యత. ఇవ్వకపోతే వెయ్యి యూరోల వరకు జరిమానా పడవచ్చు. అప్పటికీ నిరాకరిస్తే ఆలస్యం చేయకుండా నమోదు కార్యాలయానికి ఆ మాట తెలియజేయాలి. చట్టం మిమ్మల్ని అడిగేది అదే.

ఇక్కడికీ అక్కడికీ ఉన్న ఈ తేడా నన్ను ఆలోచింపజేసింది. అక్కడ కాగితం ఇవ్వడం ఇల్లిచ్చినవారి విధి. ఇక్కడ అది యజమాని దయ.

బెర్లిన్‌లో ఏ బ్యూర్గరామ్ట్‌లోనైనా (పౌర సేవల కార్యాలయంలోనైనా) నమోదు చేయించుకోవచ్చు. మీ పేటలో సమయం దొరకకపోతే నగరమంతటా వెతకండి. ఉత్తరాల పెట్టె మీద మీ పేరు అంటించడం మరవకండి, పన్ను గుర్తింపు సంఖ్య ఉత్తరంగానే వస్తుంది. ఆన్‌మెల్డుంగ్ కోసమే డబ్బుకు చిరునామా ఇస్తామనేవాళ్ల జోలికి వెళ్లకండి. అలా ఇవ్వడం చట్టవిరుద్ధం.

కొత్త ఇంటి యజమాని ఇంట్లో అందరి ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పంపమంటున్నారు. పంపవచ్చా?

పూర్తి కార్డు పంపకండి. మైఆధార్‌లో ఈ-ఆధార్ దించుకునేటప్పుడు 'మాస్క్‌డ్ ఆధార్' అనే గడిలో టిక్ పెడితే చివరి నాలుగు అంకెలే కనిపించే కార్డు వస్తుంది. యజమానికి అది చాలు. ఫైలు తెరవడానికి మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం పాస్‌వర్డ్‌గా ఇవ్వాలి. పిల్లల కార్డులు ఎందుకని తప్పక అడగండి. బ్రోకర్ పెట్టిన వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎవరి కార్డూ పెట్టవద్దు.