పాలన్నం తిన్న పిల్లికూన ఎందుకు పారుతోంది?

ప్రశ్న: మక్కలు, మిర్చి నిల్వ చేసే ఇంట్లో ఎలుకలు బస్తాలు కొరికేస్తున్నాయని చుట్టాలింటి నుంచి పిల్లికూనను తెచ్చుకున్నాం. రెండు నెలలు ఉంటుంది, తల్లి పాలు మరిచి పది రోజులైంది. పొద్దున బర్రె పాలు, రాత్రి పాలన్నం పెడుతున్నాం. నాలుగు రోజులుగా పల్చగా పారుతోంది. పొట్ట ఉబ్బింది, వీపు మీద ఎముకలు తగులుతున్నాయి. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి? కడుపు నిండా పెడితే ఎలుకలను పట్టదని మా నాన్న అంటున్నారు, నిజమేనా?
– ఒక రైతు, నర్సంపేట మండలం

జవాబు: ఈ పూట నుంచే పాలు ఆపేయండి. కూన ఇష్టంగా తాగుతుంది, కానీ ఇష్టంగా తాగడం వేరు, అరగడం వేరు. పాలలోని చక్కెరను అరిగించే రసం తల్లి పాలు మరిచే వయసు నుంచి పిల్లి పేగులో తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగులోకి నీళ్లు లాగుతుంది, పులిసి గ్యాసు పుట్టిస్తుంది. మీ కూన పారడానికి మొదట అనుమానించాల్సింది ఇదే. పాల బదులు వెడల్పాటి మట్టి మూకుడులో మంచినీళ్లు పెట్టండి, రోజుకు రెండుసార్లు మార్చండి.

ఇక అన్నం. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. కుక్క మన అన్నం మీద బతికినట్టు పిల్లి బతకలేదు. టారిన్ అనే పోషకాన్ని అది తన ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం, చేపల నుంచే అందాలి. అది నెలల తరబడి అందకపోతే కంటిచూపు పోతుంది, గుండె సాగి నీరసిస్తుంది. క్యారెట్‌కు నారింజ రంగునిచ్చే పదార్థాన్ని మన ఒళ్లు విటమిన్ ఎగా మార్చుకుంటుంది, పిల్లి ఒళ్లు మార్చుకోలేదు. అన్నం ఒక చెంచాడు కలిపితే నష్టం లేదు, గిన్నెలో నాలుగో వంతు దాటకూడదు.

మీ ఊరి చికెన్ సెంటర్‌లో దొరికే వాటితోనే తిండి తయారవుతుంది. ఎముక తీసిన తొడ మాంసం 100 గ్రాములు, ఒక కోడి గుండె, బొటనవేలి గోరంత కార్జం తీసుకోండి. రొమ్ము మాంసం కన్నా తొడ మాంసంలో, గుండెలో టారిన్ ఎక్కువ. ఉప్పు, కారం వేయకుండా కొద్ది నీళ్లలో ఉడికించండి. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి పిల్లి రక్తకణాలను పగలగొట్టి రక్తహీనత తెస్తాయి. ఉడికిన నీళ్లు పారబోయకండి, టారిన్ అందులోకే దిగుతుంది. ముక్కలను చేత్తో పీచుపీచుగా తీసి, ఆ నీళ్లతోనే కలిపి, చేతి వెనక భాగానికి గోరువెచ్చగా తగిలే వేడిలో పెట్టండి. చల్లటి తిండికి వాసన రాదు, వాసన రాకపోతే కూన మూతి పెట్టదు. రోజు విడిచి రోజు బాగా ఉడికిన గుడ్డులో సగం కలపవచ్చు. కార్జం చౌకని రోజూ గుప్పెడు పెడితే విటమిన్ ఎ ఎక్కువై మెడ ఎముకలు అతుక్కుపోతాయి.

ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే. ఉత్త మాంసం పెడితే చాలనుకుంటారు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. రక్తంలో కాల్షియం తగ్గగానే ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. కొద్ది వారాల్లో కూన కుంటుతుంది, గద్దె మీదికి ఎగరడానికి జంకుతుంది, చివరికి చిన్న దూకుడుకే కాలు విరుగుతుంది. మందు మీ వంటింట్లోనే ఉంది. గుడ్డు పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో పిండిలా పట్టి, పల్చటి బట్టతో జల్లించండి. ప్రతి 100 గ్రాముల మాంసానికి పావు టీస్పూను, అంటే సుమారు ఒక గ్రాము పొడి కలపాలి. పొడి బరకగా ఉంటే వేళ్ల మధ్య ఇసుకలా తగులుతుంది, మళ్లీ పట్టండి. కాల్షియం కోసమని ఉడికిన ఎముకలు వేయకండి, అవి సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

చెరువు చేపలు పెట్టవచ్చు, ఉడికించి, ముళ్లు తీసి, వారానికి రెండుసార్లు. పచ్చి చేప వద్దు. బంగారు తీగ వంటి చేపల్లో విటమిన్ బి1ని విరిచే పదార్థం ఉంటుంది, అది తగ్గితే పిల్లి మెడ వాల్చేస్తుంది, ఫిట్స్ వస్తాయి. ఎండు చేపల్లో ఉప్పెక్కువ.

ఇంటి తిండి ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని ఖనిజాలు, విటమిన్లు తక్కువ పడతాయి. అందుకే నా సలహా సగం ఇంటి తిండి, సగం ప్యాకెట్ తిండి. ప్యాకెట్ మీద ‘కిట్టెన్’ అని రాసి ఉండాలి. కుక్క తిండి చవకే కానీ అందులో పిల్లికి సరిపడా టారిన్ ఉండదు. 800 గ్రాముల కూనకు రోజుకు 20–25 గ్రాముల పొడి తిండి, 50–60 గ్రాముల మాంసం కలిపి నాలుగు పూటలుగా పెట్టండి. పొడి తిండిని పావుగంట గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. మన ఎండలకు నానిన తిండి గంటలో పాడవుతుంది, మిగిలితే తీసేయండి. మూడు నెలలు దాటాక మూడు పూటలు, ఆరు నెలల తర్వాత రెండు పూటలు చాలు. పాలు మాత్రం ఒకేసారి ఆపి, కొత్త తిండిని అన్నంలో కొంచెం కొంచెం పెంచుతూ ఐదారు రోజుల్లో మార్చండి.

పెరుగుదల తెలియాలంటే వారానికోసారి సంచిలో పెట్టి కిరాణా కాటా మీద తూయండి. వారానికి దాదాపు 100 గ్రాములు పెరగాలి.

మీరు రాసిన ఉబ్బిన పొట్ట, తేలిన ఎముకలు నట్టల (పేగు పురుగుల) లక్షణం కావచ్చు. పిల్లికూనల్లో ఇవి ఎక్కువగా తల్లి పాల ద్వారా వస్తాయి. మలంలో సేమియా లాంటివి కనిపించవచ్చు. నట్టల మందును మీరే అంచనా వేసి పోయకండి, గొర్రెల మందు సీసాలోంచి అసలే వద్దు. కూనను తూచి డాక్టరే మోతాదు చెప్పాలి. రెండు వారాలకోసారి రెండు మూడు మార్లు, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి అవసరమవుతుంది. మలంలోని నట్టల గుడ్ల వల్ల ఇంట్లోని చిన్నపిల్లలకూ ఇవి సోకుతాయి, మలాన్ని మట్టిలో పూడ్చండి. పాలు మానిన రెండు రోజులకూ పారుడు ఆగకపోయినా, ఒక్కసారైనా రక్తం పడినా, వాంతులై తిండి మానినా ఆ రోజే పశువైద్యశాలకు, లేదా వరంగల్ దగ్గరి మామునూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. ఈ వయసు కూన ఒక్క రోజు పస్తును కూడా తట్టుకోలేదు. జ్వరమని పారాసిటమాల్ వేస్తే ఒక్క మాత్రే చంపేస్తుంది. ఎడ్లకు, బర్రెలకు కొట్టే పిడుదుల మందులు కూడా పిల్లి ఒంటికి తగలకూడదు. ఆరోగ్యం కుదుటపడగానే టీకాలు మొదలుపెట్టండి, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక.

మీ నాన్నగారి మాట చాలా ఇళ్లలో వింటాం. వేటాడడం పిల్లి స్వభావం, ఆకలి ఒక్కటే దానికి కారణం కాదు. కడుపు నిండిన పిల్లి కూడా కదిలే ఎలుక మీదికి దూకుతుంది. ఆకలితో మాడిన కూన వేటకు ఓపిక లేక కుండలు వెతుకుతుంది. మీ కూన ఎలుకలను పట్టడానికి ఐదారు నెలలు పడుతుంది, అంతవరకు బోన్లు పెట్టుకోండి. ఎలుకల మందు మాత్రం ఆ గదిలో వాడకండి. బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు తిని చచ్చిన ఎలుకను తిన్న పిల్లికి రక్తం గడ్డకట్టకపోవచ్చు, చిగుళ్ల నుంచి, మలంలో రక్తం కారవచ్చు. అలా కనిపిస్తే మందు పొట్లం వెంట తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. విటమిన్ కె1తో బతికించే అవకాశం ఉంటుంది.