ఎర్ర లైటు వెలుగుతుంటే రౌటర్‌ది తప్పు కాదన్నా

అన్నా, మధ్యాహ్నమైతే చాలు నెట్ పోతోంది, ఎల్‌ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్, అంటే సిగ్నల్ అందట్లేదని) దగ్గర ఎర్ర లైటు మినుకుమంటోంది అన్నారు కదా, అయితే వైఫైని వదిలేయండి. ఫైబర్‌లో వెలుగు మీ పెట్టెదాకా సరిగ్గా చేరడం లేదు. రీసెట్ మాత్రం కొట్టొద్దు, ఉన్న సెట్టింగులు కూడా పోతాయి.

ముందు తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. ఎర్రముక్కపల్లిలో మా ఇంట్లో పెట్టెను కడప బండ అలమారలో వెనక్కి నెట్టేశాం, తీగ బండ అంచుకు నలిగి వారం సతాయించింది. లోపల గాజు పోగు కదా, కరెంటు వైరులాగా వంచితే ఒప్పుకోదు. పచ్చ కనెక్టరు ఊడదీసి మళ్లీ టిక్కుమనేలా పెట్టండి. దాని కొనలోకి కంటితో చూడొద్దు, లోపల లేజర్ ఉంటుంది.

అయినా పోతుంటే బయట ఫైబర్ అతికిన జాయింటు మీదే నా అనుమానం, ఎండ వేళకే పోతోంది కాబట్టి. లైన్‌మ్యాన్ వస్తే ‘చూస్తాం సార్’తో పంపకండి, వెలుగు బలం కొలిచే పవర్ మీటర్ పెట్టించండి. మైనస్ 20 డీబీఎం (వెలుగు బలానికి కొలత) దగ్గరుంటే హాయి. మైనస్ 28, 29 చూపిస్తే వెలుగు మరీ బలహీనమైనట్టే, జాయింటు మళ్లీ వేయాల్సిందే. లైటు ఎర్రగా ఉన్నప్పుడే ఫోటో తీసిపెట్టుకోండి, వాళ్లొచ్చేసరికి అది బుద్ధిగా ఆరిపోయి ఉంటుంది!