కొత్త కారులో టిక్ టిక్ శబ్దం.. కంపెనీ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: 22 నెలల క్రితం నాన్న రిటైర్మెంట్ డబ్బులో రూ.9.40 లక్షలు పెట్టి హైదరాబాద్‌లో కొత్త పెట్రోల్ కారు కొన్నాను. వారంటీ రెండేళ్లు. మూడో నెల నుంచి పొద్దున స్టార్ట్ చేస్తే చాలు, ఇంజిన్‌లో టిక్ టిక్‌మని శబ్దం. నాలుగుసార్లు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ‘ఇది మామూలే సార్’ అని పంపేశారు. ఇంట్లో రోజూ గొడవ, టెన్షన్‌తో నిద్ర లేదు. తెలిసిన మెకానిక్ ఇంజిన్ హెడ్ (పై భాగం) విప్పి చూద్దామంటున్నాడు. కొత్త కారు, మానసిక క్షోభకు రూ.10 లక్షలు అడగొచ్చా? సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డులు (ఫిర్యాదు, చేసిన పని రాసే చీటీలు) జత చేశాను. – ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ నిద్ర సంగతి పక్కన పెట్టి జాబ్ కార్డులు చూశాను. నాలుగింటిలో మూడింట్లో ‘జనరల్ చెకప్’ అని ఉంది, శబ్దం అన్న మాటే లేదు. కింద ‘పని తృప్తికరం’ అన్నచోట మీ సంతకం. చదవకుండా సంతకాలు పెట్టి ఇప్పుడు పది లక్షలంటే ఎలాగండీ?

శబ్దం వచ్చినంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు. ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మే భాగాలు) మామూలుగానే టిక్ టిక్‌మంటాయి, ఆయిల్ తగ్గితే టాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు) కొట్టుకుంటాయి (అది మీ నిర్లక్ష్యమే అంటారు), ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టం) లీకైతే చల్లటి ఇంజిన్‌లో మోగి వేడెక్కాక తగ్గొచ్చు. వీటిలో ఏదో తేల్చాల్సింది నిపుణుడు. సి.ఎన్.అనంతరాం – ఫియట్ ఇండియా కేసులోనూ గొడవ ఇంజిన్ శబ్దం గురించే. స్వతంత్ర నిపుణుడు తయారీ లోపమని తేలిస్తేనే ధర వాపసు అని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 2006లో, మారుతి ఉద్యోగ్ కేసులో, వారంటీ అంటే చెడిన భాగం బాగుచేయడమో మార్చడమో తప్ప కారే మార్చడం కాదంది.

అందుకే ఆ మెకానిక్‌ని బానెట్ కూడా ముట్టుకోనివ్వకండి. హెడ్ దింపిన రోజే వారంటీ పోతుంది, సాక్ష్యమూ పోతుంది, ‘బయటివాడు విప్పాకే పాడైంది’ అని అవతలి లాయరు ఒక్క ముక్కతో మీ కేసు మూసేస్తాడు.

రేపే కారు సర్వీస్ సెంటర్‌లో రాత్రంతా ఉంచి, పొద్దున చల్లటి ఇంజిన్ మీరే దగ్గరుండి స్టార్ట్ చేయించండి. ఫిర్యాదు మీ మాటల్లోనే జాబ్ కార్డులో రాయించి, కిలోమీటర్ల రీడింగ్‌తో కాపీ తీసుకోండి, రాయనంటే అక్కడి నుంచే కంపెనీకి మెయిల్ పెట్టండి. ఆయిల్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఫొటో, శబ్దం వీడియో తీసి ఆ ఫోన్ అమ్మకుండా దాచండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. శబ్దం మొదలైన నాటి నుంచి లెక్కేస్తే మీకు నాలుగైదు నెలలుంది, కానీ కొన్న తేదీ నుంచే లెక్కించాలని అవతలివాళ్లు వాదిస్తారు కాబట్టి రెండు నెలలే ఉందనుకోండి. నోటీసుల మీద నోటీసులు పంపితే గడువు పెరగదు. డీలర్‌కీ కంపెనీకీ ఒక్క రిజిస్టర్డ్ నోటీసు, పదిహేను రోజులు, ఆ తర్వాత కేసు. షోరూం హైదరాబాద్‌లో ఉన్నా మీరుండే కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, మీ కారు ధరకి ఫీజు రూ.200. సెక్షన్ 38 కింద కారు పరీక్షకు పంపమని పిటిషన్ తప్పనిసరి. ముందు ఉచిత రిపేరు, కాకపోతే ఇంజిన్ మార్పిడి, అదీ కాకపోతే ధర వాపసు అని వరసగా అడగండి. క్షోభకు లక్ష లోపు అడిగితే చాలు.

కారు మీద లోనేమైనా ఉంటే, కేసు నడుస్తోంది కదా అని ఈఎంఐ మాత్రం ఆపకండి, మీ ఇంజిన్ శబ్దంతో బ్యాంకుకి పనిలేదు.