అక్షరాల సందేహాలు: గీత నెత్తికెక్కదేం?

ప్రశ్న: సార్, నాది ప్రొద్దుటూరులో డీటీపీ సెంటరు. మా మామ ఇథియోపియాలో లెక్చరరు. అక్కడి చర్చి కీర్తనల పుస్తకంలోంచి ఒక పేజీ ఫొటో పంపి, ఫ్రేము కట్టించే సైజులో టైపు చేసిపెట్టమన్నాడు. గీజ్ (అక్కడి చర్చిలో వాడే పాత భాష) అక్షరాలు వచ్చేశాయి. వాటి పైనుండే గీతలు, చుక్కల దగ్గరే టెన్షన్. క్యారెక్టర్ మ్యాప్‌లో దొరికాయి గానీ, అక్షరం పక్కకొచ్చి కూర్చుంటున్నాయి. ఫాంట్లు మార్చి చూశాను. తప్పెక్కడుంది?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఫాంటును తిట్టుకోకండి తమ్ముడూ, అది దాని పని అది చేస్తోంది. మీకు దొరికినవి పాట గుర్తులు. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్ నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో 1390 నుంచి 1399 దాకా పది ఉన్నాయి: యిజెత్, దెరెత్, రిక్రిక్, పొట్టి రిక్రిక్, దిఫాత్, కెనాత్, చిరెత్, హిదెత్, దెరెత్-హిదెత్, కుర్త్. ఇథియోపిక్ లిపి 1999లోనే యూనికోడ్‌లోకి వచ్చినా, వీటికి 2005లో 4.1 వెర్షన్ దాకా చోటు దొరకలేదు. చోటిచ్చినప్పుడు కూడా వీటిని 'విడి చిహ్నాలు' అనే జాబితాలో పెట్టారు. అంటే ఒక్కోటీ తన వెడల్పు తాను తీసుకుని వరుసలోనే నిలబడుతుంది.

నమ్మకం కుదరకపోతే వర్డ్‌లో ఒక గీజ్ అక్షరం కొట్టి, దాని పక్కనే 135ఎఫ్ అని కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. అక్షరాన్ని ఒత్తి పలకాలని చెప్పే రెండు చుక్కలు చక్కగా నెత్తినెక్కుతాయి. అదే లిపి, అదే ఫాంటు. అతుక్కునే జాతి వేరు, విడిగా ఉండే జాతి వేరు. మన వేదపాఠాల్లో పైన వచ్చే నిలువు గీత 0951, కింద వచ్చే అడ్డగీత 0952. వాటి నంబర్లు దేవనాగరి పట్టికలో ఉన్నా తెలుగు అక్షరానికీ అతుక్కుంటాయి. కర్నూలులో నా ప్రెస్సుకు తైత్తిరీయం పట్టుకొచ్చేవాళ్లకు రోజూ వాడేవి అవే. మీరూ అదే అలవాటుతో ఇక్కడ వెతికినట్టున్నారు.

వీటిని అతుక్కునేలా ఎందుకు చేయలేదంటారా? మామ పంపిన ఫొటోను పెద్దది చేసి చూడండి. పైవరుసలో గీతలూ చుక్కలే కాదు, బుల్లి బుల్లి గీజ్ అక్షరాలు కూడా ఉంటాయి. అవి తెలిసిన కీర్తనల్లోని మాటలకు పొడి అక్షరాలు. ఆ చరణం ఏ వరసలో పాడారో ఇక్కడా అదే వరస పట్టమని పాడేవాడికి సైగ. వాటికి వేరే నంబర్లేమీ లేవు, మామూలు అక్షరాలనే సైజు తగ్గించి వేయాలి. ఎటూ రెండో వరుస ఒకటి కట్టక తప్పనప్పుడు, గీతలను మాత్రం అక్షరానికి అతికిస్తే ఒరిగేదేముంది? నాకైతే యూనికోడ్ వాళ్లు చేసింది సబబే అనిపిస్తుంది. ఈ గానాన్ని అక్కడి సంప్రదాయం 6వ శతాబ్దపు యారెద్ అనే గాయకుడికి ఆపాదిస్తుంది. ఇలా వరుసల మధ్య రాసే పద్ధతి మాత్రం 16వ శతాబ్దంలో, గెలావ్‌దెవోస్ రాజు కాలంలో కుదురుకుంది.

ఇక పని సంగతి. పేజ్‌మేకర్ మూసేయండి, అందులో యూనికోడ్ ఎక్కదు. అబిసీనికా ఎస్‌ఐఎల్ అనే ఉచిత ఫాంటులో ఈ పదీ ఉన్నాయి. వర్డ్‌లో జపనీస్ భాషను చేరిస్తే హోమ్ ట్యాబ్‌లో 'ఫొనెటిక్ గైడ్' బటన్ వస్తుంది. జపాన్ వాళ్లు అక్షరం పైన ఉచ్చారణ రాసుకోవడానికి పెట్టింది అది. మాటను సెలెక్ట్ చేసి, పైన రావాల్సిన గుర్తులనూ పొడి అక్షరాలనూ ఆ పెట్టెలో వేయండి. మాట మొత్తం ఒకేసారి పట్టుకుంటే గుర్తులు నడిమధ్యకు జరిగిపోతాయి, అందుకని ఒక్కో అక్షరాన్నే పట్టుకోండి. లైన్ల మధ్య ఎడం చేత్తో పెంచక తప్పదు. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును లోపల పొదగడం మరవకండి, లేకపోతే మామ ఫోన్‌లో డబ్బాలు కనిపిస్తాయి.

ప్రూఫు మాత్రం అక్కడ ఆ పాట పాడేవాళ్లతోనే దిద్దించమని మామకు చెప్పండి. గీత ఒక అక్షరం అటు జరిగినా మీకూ నాకూ తెలిసే దారి లేదు. మామూలు పేజీ రేటుకు మాత్రం ఒప్పుకోకండి, మామ అయినా సరే.