సర్వీసులో వేయించమనే ఇంజిన్ ఆయిల్, పెట్రోల్ అడిటివ్‌లు నిజంగా పనిచేస్తాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఏడెనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ మీది. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా ఎస్టిమేట్‌లో ‘ఇంజిన్ ట్రీట్‌మెంట్’ అని ఒకటి, ‘ఫ్యూయెల్ సిస్టమ్ క్లీనర్’ అని ఇంకొకటి కనిపిస్తున్నాయి. ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక మైలేజి తగ్గింది. ఈ రెండు సీసాలూ వేయిస్తే ఉపయోగం ఉంటుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆయిల్‌లో పోసే సీసా అక్కర్లేదు. పెట్రోల్‌లో పోసేది కొన్ని కార్లకి, ఫలానా లక్షణం కనిపించినప్పుడు, ఎప్పుడో ఒకసారి పనికొస్తుంది. ఈ20 వల్ల తగ్గిన మైలేజిని మాత్రం ఏ సీసా తెచ్చిపెట్టదు.

విజయవాడలో మాకు చిన్న ట్రావెల్స్ ఉంది. పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ అన్ని రకాల బండ్లూ తిప్పుతాం. ఒక బండి ఇంజిన్ రిపేరుకి వచ్చిందంటే అది సంపాదించింది అంతా దానికే పోతుంది, అందుకని ఆయిల్ విషయం దగ్గర నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఆటోనగర్‌లో మా మేస్త్రీ ఇంజిన్ విప్పుతున్నాడంటే పక్కన నిలబడి చూస్తాను. కాబట్టి కింద రాసింది కొంత చదివి తెలుసుకున్నది, కొంత ఆ షెడ్డులో చూసింది.

డబ్బాలో మనం కొనే ఇంజిన్ ఆయిల్ ఉత్త నూనె కాదు. అందులో పదో వంతు నుంచి పావు వంతు దాకా అడిటివ్‌లే, అంటే విడిగా కలిపే రసాయనాలే ఉంటాయి. మసిని, బురదని అంటుకోనివ్వకుండా కడిగే డిటర్జెంట్లు (ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు), ఆ మసిని ముద్ద కట్టకుండా నూనెలోనే తేలేలా పట్టి ఉంచే డిస్పర్సెంట్లు, నురగ రాకుండా కాస్త సిలికోన్, వేడికి నూనె పాడవకుండా యాంటీ ఆక్సిడెంట్లు, వేడెక్కినా మరీ పలచబడకుండా చూసే పాలిమర్లు. అన్నిటికన్నా ముఖ్యమైంది జింక్, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ దగ్గర లోహం లోహాన్ని నొక్కే చోట, ఆ వేడికి, ఒత్తిడికి ఇది గాజులాంటి పలచని పొరగా మారుతుంది. అరిగేది ఆ పొర, దాని కిందున్న ఇనుము కాదు.

ఇవన్నీ ఒకదానికొకటి సరిపడేలా కొలిచి కలుపుతారు. ఫాస్ఫరస్ ఎక్కువైతే సైలెన్సర్ లైన్లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, అందుకే పలచటి పెట్రోల్ గ్రేడ్‌లలో అది 0.08 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. టర్బో పెట్రోల్ ఇంజిన్లలో కాల్షియం ఎక్కువుంటే తక్కువ స్పీడులో పెట్రోల్ ముందే అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఉందని తెలిశాక కొత్త ఆయిల్స్‌లో కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచారు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ నాణ్యత స్టాండర్డ్‌లో దీనికి ప్రత్యేకంగా పరీక్ష ఉంది. ఇంత లెక్కగా తయారైన నూనెలో, లోపల ఏముందో లేబుల్ మీద సరిగ్గా రాయని సీసా తెచ్చి పోయడం నాకు ఎంతమాత్రం నచ్చని పని. లోహం మీద ఉన్న చోటు కొంతే కదా, కొత్తగా పోసింది అక్కడ చేరాలంటే జెడ్‌డీడీపీతో పోటీపడాలి.

ఇంకో చిన్న సంగతి. లెవెల్ నిండుగా ఉన్న ఇంజిన్‌లో పావు లీటరు, ముప్పావు లీటరు సీసా పోస్తే డిప్‌స్టిక్ పై గీత దాటిపోతుంది. మరీ ఎక్కువైతే క్రాంక్ ఆ నూనెని చిలికి నురగ చేస్తుంది. నురగ కట్టిన నూనెతో ప్రెషర్ నిలబడదు.

షోరూముల్లో, ఎగ్జిబిషన్లలో మీరు ఒక డెమో చూసి ఉంటారు. తిరిగే చక్రానికి ఒక బేరింగ్‌ని చెయ్యితో నొక్కుతారు. మామూలు ఆయిల్ పోస్తే కీచుమని పట్టేస్తుంది. వాళ్ల సీసా పోస్తే ఎంత నొక్కినా ఆగదు. చూస్తే ఎవరైనా నమ్ముతారు, మా డ్రైవర్లు కూడా నమ్మారు. ఆ మిషను మోసం కాదు గానీ అది కొలిచేది వేరు. విపరీతమైన ఒత్తిడిలో లోహాల మధ్య రాపిడిని చూపించే పరీక్ష అది, గేర్ ఆయిల్‌కీ గ్రీజుకీ పనికొస్తుంది. క్లోరిన్ కలిపిన పారఫిన్ లాంటివి పోస్తే అక్కడ అద్భుతంగా పాసవుతాయి. మన క్రాంక్ బేరింగులు అలా నడవవు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ అవి పంపు తోసే నూనె పొర మీద తేలుతూ ఉంటాయి, లోహం లోహాన్ని తాకదు. పైగా క్లోరిన్ ఇంజిన్ వేడికి, తేమకి ఆమ్లంగా మారి బేరింగుల్నే తినేస్తుంది.

అమెరికాలో ఇలాంటివి కేసుల దాకా వెళ్లాయి. టెఫ్లాన్ పొడి కలిపి అమ్మిన స్లిక్ 50 మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో కేసు పెట్టింది. అరుగుదల సగం తగ్గుతుందన్న మాటకి సరైన రుజువు లేదన్నది ఆరోపణ. 1997లో ఆ కంపెనీ రాజీకి వచ్చింది. డ్యూరా లూబ్, మోటర్ అప్ లాంటివాటి మీదా అలాంటి కేసులే నడిచాయి. డ్యూరా లూబ్ విషయంలో మరీ ఘోరం, క్లోరిన్ పదార్థాలు లేవని ప్రచారం చేశారు, ఉన్నాయని కమిషన్ అంది. మన దగ్గర ఇలా నిలదీసి అడిగేవాళ్లు తక్కువ కాబట్టి మనమే అడగాలి.

‘మా కారు ఆయిల్ తాగుతోంది, ఆయిల్‌ని చిక్కబరిచే సీసా పోస్తే ఆగుతుందన్నారు’ అని చాలామంది అంటారు. కొన్నాళ్లు ఆగినట్టు కనిపిస్తుంది, నిజమే. అదే నాకు భయం. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ పోయాయి, పెద్ద ఖర్చేం కాదు. యాక్సిలరేటర్ తొక్కి ఎక్కిస్తున్నప్పుడు పొగ వస్తుంటే పిస్టన్ రింగులు గానీ సిలిండర్ బోరు గానీ పోయినట్టు. చిక్కటి సీసా పోసి ఆ పొగ కనపడకుండా చేస్తే సీల్స్‌తో పోయేది హెడ్ దించే దాకా వస్తుంది. కారు అమ్మేవాళ్లు కొందరు సరిగ్గా ఇందుకే పోస్తారు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి.

ఇంజిన్ ఫ్లష్ (పాత ఆయిల్ తీసేముందు రసాయనం పోసి లోపల కడగడం) గురించి కూడా ఒక మాట. ఎప్పుడూ టైముకి ఆయిల్ మార్చిన ఇంజిన్‌కి అది అవసరం లేదు. ఏళ్ల తరబడి మార్చని ఇంజిన్‌కి అది ప్రమాదం. ఒక బండి మా షెడ్డుకి అలాగే వచ్చింది. ఎక్కడో ఫ్లష్ చేయించారు, వారం తిరక్కుండా ఆయిల్ లైటు వెలగడం మొదలైంది. కింది ఆయిల్ చాంబర్ దించి చూస్తే పైనుంచి ఊడిన నల్లటి పెళ్లలు స్ట్రైనర్ జాలీకి అడ్డం పడి ఉన్నాయి. అలాంటి ఇంజిన్‌కి మంచి ఆయిల్ పోసి, మామూలు కన్నా తొందర తొందరగా రెండు మూడుసార్లు మార్చడమే దారి. ఆయిల్‌లో ఉన్న డిటర్జెంటే నెమ్మదిగా కడుగుతుంది.

ఇక పెట్రోల్‌లో పోసేవి. వీటిలో నిజంగా పనిచేసే పదార్థం ఒకటుంది, పాలీఈథర్‌ఎమైన్. ఇంజెక్టర్ కొనల మీద, వాల్వుల వెనక, పిస్టన్ తల మీద పేరుకున్న మడ్డిని ఇది కరిగిస్తుంది. డిటర్జెంట్ బాగా కలిపిన పెట్రోల్‌కీ, కలపనిదానికీ తేడా ఉంటుందని 2016లో అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంస్థ చేయించిన పరీక్షలో తేలింది. డిటర్జెంట్ ఎక్కువుండాలనే అక్కడి ‘టాప్ టియర్’ ప్రమాణం లేని పెట్రోల్‌తో మడ్డి సగటున 19 రెట్లు ఎక్కువ పేరుకుంది. అంటే శుభ్రం చేసే రసాయనం అబద్ధం కాదు, అవసరం ఎప్పుడన్నదే ప్రశ్న.

మా దగ్గర ఒక పాత ఎంపీఎఫ్‌ఐ బండి (పెట్రోల్‌ని వాల్వుల వెనక చల్లే మామూలు ఇంజిన్), సిగ్నల్ దగ్గర ఆగితే వణికేది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చాం, ఇంజిన్‌కి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ కడిగించాం, కాయిల్స్ చూశాం. అయినా పోలేదు. అప్పుడు పాలీఈథర్‌ఎమైన్ ఉన్న క్లీనర్ ఒక సీసా ట్యాంకులో పోసి, ఫుల్ ట్యాంక్ కొట్టించి హైదరాబాద్ ట్రిప్‌కి పంపాను. తిరిగొచ్చేసరికి ఐడిలింగ్ కుదురుకుంది. అదే వణుకుతో వచ్చిన మరో బండికి థ్రాటిల్ బాడీ కడిగేసరికే పోయింది, సీసా దాకా వెళ్లలేదు. అందుకే వరుస ముఖ్యం అంటాను.

మీ కారు మామూలు ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ అయితేనే వాల్వుల వెనక మడ్డికి ఈ మందు తగులుతుంది. టర్బో జీడీఐ ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, వాల్వు వెనక్కి చేరనే చేరదు. అక్కడ ట్యాంకులో ఎంత పోసినా ఆ మడ్డి కదలదు, విప్పి శుభ్రం చేయాల్సిందే. సీఎన్‌జీ మీద తిరిగే కార్లకి కూడా ఇదే సీసా అమ్ముతున్నారు, ఇది నాకు బాధగా ఉంటుంది. పెట్రోల్ వాడకం దాదాపు లేని బండికి పెట్రోల్ మందెందుకు?

ప్రీమియం పెట్రోల్ సంగతి: ఆక్టేన్ ఎక్కువుంటే ఇంజిన్ కొట్టుకోకుండా తట్టుకుంటుంది, అంతే, శక్తి ఎక్కువుండదు. మాన్యువల్ అడిగితే పోయించండి.

డీజిల్ వాళ్లకి ఒక్క ముక్క. బీఎస్6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎమ్‌కి తగ్గింది, దాంతో జారుడు గుణం పోయిందని చెప్పి సీసా అమ్ముతారు. ఆ గుణం రిఫైనరీలోనే కలిపి పంపుతారు, దానికి కొలత కూడా ఉంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగితే సీసా కన్నా ముందు హైవే మీద ఆగకుండా ఓ అరగంట నడపండి.

ఇప్పుడు మీ మైలేజి. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోల్ కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గడం లెక్క ప్రకారమే జరుగుతుంది. పాత కార్లకి అంత తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లోనే రాశారు. లేని శక్తిని ఏ అడిటివ్ కలపలేదు. లీటరుకి 18 ఇచ్చే కారు 17కి దగ్గర్లో ఇస్తుంటే అది ఈ20. 14కి పడిపోతే మాత్రం వేరే జబ్బుంది: టైర్ల గాలి, బ్రేకులు పట్టేయడం, ఆక్సిజన్ సెన్సర్ చూపించండి. కార్లన్నీ ఈ20ని తట్టుకునే భాగాలతో రావడం మొదలైన 2023 ఏప్రిల్ కన్నా మీది ముందు బండి కాబట్టి పెట్రోల్ పైపులు, రబ్బరు సీల్స్ ఒకసారి చూపించి, ఉబ్బినా పగిలినా మార్పించండి. రబ్బరుకి బదులు పనిచేసే సీసా లేదు.

ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలంటే, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్‌కి, మంచి ఫిల్టర్‌కి. అందులో 5డబ్ల్యూ-30 అంటే అదే, 0డబ్ల్యూ-16 అంటే అదే. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఊళ్లోనే ఆఫీసుకీ ఇంటికీ తిరిగే కారైతే ఇంకా ముందే మార్చండి. ఆయిల్ నల్లబడిందని కంగారు పడొద్దు, మసిని పట్టుకుంటోందని అర్థం. సీల్ ఉన్న డబ్బా మీ ముందు తెరిపించండి, పోశాక ఖాళీ డబ్బాకి చిల్లు పెట్టండి. ఆ డబ్బాల్లోనే నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్ముతారు.

సర్వీస్ అడ్వైజర్‌ని ‘ఇది ఏ లక్షణానికి రాశారు? మాన్యువల్‌లో ఏ పేజీలో ఉంది?’ అని మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే ఆ రెండు లైన్లూ కొట్టేసి సంతకం పెట్టండి. మీ కారు ఏ ఇంజినో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ప్లగ్గులు ఎప్పుడు మార్చారో కింద రాస్తే ముందు ఏం చూపించాలో చెబుతాను.